మద్రాసు నుంచి కారులో వెళ్ళి నరసాపురం పంటు దాటడం ఎలా?

చెన్నైలో స్థిరపడిన కోనసీమ వాళ్ళకు సొంతూరికి రెండు దారులు. ఒకటి చించినాడ వంతెన మీదుగా, కారు దిగే పని లేకుండా. రెండోది నరసాపురం దగ్గర పంటు అనే నావ ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగే పాత దారి. మొదటిదానికి ఎవరి సలహా అక్కర్లేదు, ఫోనులో మ్యాపు చాలు. రెండోదాని గురించే పెరంబూరులోనూ అంబత్తూరులోనూ షోళింగనల్లూరు అపార్ట్‌మెంట్లలోనూ మనవాళ్ళు అడుగుతుంటారు. కారు ఎక్కిస్తారా, పిల్లలతో వెళ్ళొచ్చా, వర్షాకాలంలో నడుస్తుందా, బంపరు తగులుతుందా అని. ముఖ్యంగా ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు, అంటే కూవం, అడయార్ తప్ప వేరే ఏరు చూడనివాళ్ళు, ఒక్కసారి పంటు ఎక్కుదామని పట్టుబడతారు. వాళ్ళ కోసం, వాళ్ళను తీసుకెళ్ళే పెద్దవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, మధ్యలో వైనతేయ. గౌతమికీ వశిష్ఠకూ మధ్య, దక్షిణాన సముద్రం హద్దుగా ఉన్న నేలే కోనసీమ. నీళ్ళు దాటకుండా అక్కడికి చేరే దారి లేదు. వశిష్ఠకు ఇవతల పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, అవతల కోనసీమ జిల్లా సఖినేటిపల్లి. ఈ రెండు గట్ల మధ్య మనుషుల్ని, సైకిళ్ళను, బైకుల్ని, ఆటోల్ని, కార్లను మోసుకెళ్ళే బల్లపరుపు ఇనప నావే పంటు. అక్కడ వంతెన వస్తుందన్న మాట తరాలుగా వింటున్నదే. వచ్చేదాకా పంటే.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. అందరూ కారు ఎక్కించడం గురించి టెన్షన్ పడతారు. దానికి పంటు మీద పనిచేసే కళాసీలు ఉన్నారు, వాళ్ళు రోజూ చేసే పని అది. మనం శ్రద్ధ పెట్టాల్సింది ఆ రోజు నది ఎలా ఉందో తెలుసుకోవడం మీద. అందుకే ఇందులో సగం మాటలు చెన్నైలో ఇల్లు కదలకముందు చేయాల్సిన పనుల గురించే ఉంటాయి.

పంటా, వంతెనా: ముందు ఇది తేల్చుకోండి

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి వంతెన మీదుగా వెళ్ళాలంటే దిగమర్రు, చించినాడ, మలికిపురం చుట్టి పాతిక, ముప్పై కిలోమీటర్లు తిరగాలి. పంటు మీద అయితే ఎదురుగా కనిపించే గట్టే సఖినేటిపల్లి. నీటి మీద ఉండేది పది, పదిహేను నిమిషాలు. చెప్పుకోడానికి బాగానే ఉంది గానీ, చెన్నై నుంచి ఐదొందల కిలోమీటర్ల పైన బండి నడిపి వచ్చినవాళ్ళకు ఈ ఆదా ఒక లెక్కలోది కాదు. రేవులో ఎదురుచూపు కూడా కలిపితే కొన్నిసార్లు వంతెన దారే ముందు చేరుస్తుంది. కాబట్టి టైం మిగులుతుందని పంటు ఎక్కకండి. ఎక్కాలని ఉంటేనే ఎక్కండి.

మీరు వెళ్ళేది అంతర్వేది, సఖినేటిపల్లి, మోరి, కేశవదాసుపాలెం వైపు అయితే పంటు దారిలోనే పడుతుంది. రాజోలు, మామిడికుదురు, అమలాపురం వెళ్ళేవాళ్ళకు చించినాడే దగ్గర. పంటు సరదా కావాలంటే వాళ్ళు ముందు ఇంటికి చేరి, మర్నాడు తీరిగ్గా రేవుకు రావచ్చు. నన్నడిగితే అదే మంచి పద్ధతి. రాత్రంతా డ్రైవింగ్ చేసి కళ్ళు ఎర్రబడ్డ మనిషి ఉదయాన్నే రేవు వాలులోకి కారు దించడం నాకు నచ్చదు.

కొన్ని సందర్భాల్లో ఆలోచించకుండా వంతెన ఎక్కండి. చీకటి పడ్డాక నరసాపురం చేరుతున్నా, కారు టాపు మీద సామాను గుట్టలా కట్టి ఉన్నా, కారు బాగా కిందికి ఉండే మోడల్ అయినా, నడిపే మనిషి లైసెన్సు కొత్తదైనా, కారులో పచ్చి బాలింత గానీ మంచం పట్టిన పెద్దవాళ్ళు గానీ ఉన్నా. ఇక వరద సంగతి వేరే చెప్పాలి.

మొదటి పని: నది కబురు కనుక్కోవడం

జూలై నుంచి అక్టోబరు దాకా బయల్దేరేవాళ్ళు రెండు చోట్ల నీటిమట్టం చూసుకోవాలి. ఒకటి భద్రాచలం, రెండోది ధవళేశ్వరం. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర ఆ అంకెలు 11.75, 13.75, 17.75 అడుగులు. క్యూసెక్కుల్లో చెప్పుకుంటే సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షలు. వరద రోజుల్లో తెలుగు టీవీ ఛానెళ్ళలో ఈ అంకెలు గంటగంటకూ కింద పరుగెడుతూనే ఉంటాయి.

భద్రాచలంలో కనిపించిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అక్కణ్ణుంచి నరసాపురం రేవుకు రావాలంటే మరికొన్ని గంటలు. అంటే శుక్రవారం రాత్రి చెన్నైలో బయల్దేరేవాళ్ళకు శనివారం ఉదయం రేవు ఎలా ఉంటుందో గురువారం, శుక్రవారం నాటి భద్రాచలం మట్టమే చెప్పేస్తుంది. అది పెరుగుతూ ఉంటే పంటు ఆలోచన మానుకుని చించినాడ వైపు పొండి. తగ్గుతోందనగానే కూడా సంబరపడొద్దు. భద్రాచలంలో తగ్గడం మొదలైన నీరే మర్నాడు మన రేవులో పెరుగుతుంది.

మొదటి హెచ్చరిక రాలేదు కదా, పర్లేదు అనుకునేవాళ్ళు ఎక్కువ. ఆ హెచ్చరికలు లంక గ్రామాలు, ఏటిగట్లు దృష్టిలో పెట్టుకుని పెట్టినవి, పడవ ప్రయాణానికి కొలతలు కావు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటకుల బోటు మునిగిన రోజు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులే. మొదటి హెచ్చరికలో సగం. అక్కడ కొండల మధ్య నది ఇరుకై సుడులు తిరుగుతుంది, నరసాపురం దగ్గర నది వెడల్పు, రెండూ ఒకటి కావు. అయినా హెచ్చరిక లేనంత మాత్రాన నది నెమ్మదిగా ఉన్నట్టు కాదు.

వరదలో పంటు ఎందుకు ఆపేస్తారంటే నీటి ఎత్తు ఒక్కటే కారణం కాదు. ప్రవాహం బలంగా ఉంటే ఇంజన్ ఎంత తోసినా పంటు దిగువకు కొట్టుకుపోతుంది. ఎగువ నుంచి దుంగలు, గుర్రపుడెక్క గుట్టలు కొట్టుకొస్తాయి. గుర్రపుడెక్క ఇంజన్ రెక్కలకు చుట్టుకుందంటే నడిఏట్లో ఆగిపోవడమే. కారు ఎక్కే వాలు సగం నీళ్ళలో ఉంటుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పంటు మాట అటుంచండి, లంకల్లో ఇళ్ళే మునిగాయి. నీరు తీసిన తర్వాత కూడా కొన్నాళ్ళు ఆగాలి. రేవు వాలు మీద ఒండ్రు పేరుకుని కాలు నిలవదు, టైరు అంతకన్నా నిలవదు. ఇసుక మేటలు కూడా చోటు మారతాయి కాబట్టి పాత దారిలో పంటు వెళ్ళలేదు.

అక్టోబరు, నవంబరు నెలల్లో వరద భయం తగ్గి తుపాను భయం మొదలవుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది కూడా నరసాపురం పరిసరాల్లోనే. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినపడితే చెన్నైలో వాన పడకపోయినా ఆ వారం పంటు మీద ఆశ పెట్టుకోకండి.

సంక్రాంతికి వెళ్ళేవాళ్ళది ఇంకో సమస్య. పొగమంచు. అవతలి గట్టు కనిపించేదాకా పంటు నడిపే సరంగు దాన్ని కదల్చడు, కదల్చకూడదు కూడా. కాబట్టి తెల్లారకముందే రేవుకు చేరి లాభం లేదు.

ఇవన్నీ చూసుకున్నాక ఒక ఫోన్ కాల్ మిగులుతుంది. సఖినేటిపల్లిలోనో నరసాపురంలోనో చుట్టమో, స్నేహితుడో ఉంటారు కదా. బయల్దేరే రోజు పొద్దున ఆయనకు ఫోన్ చేసి, "బాబాయ్, పంటు తిరుగుతోందా? కార్లు ఎక్కిస్తున్నారా, బైకులేనా?" అని అడగండి. రెండో ప్రశ్న మర్చిపోవద్దు. పంటు తిరుగుతూనే ఉన్నా కొన్ని రోజులు పెద్ద బళ్ళను ఆపేస్తారు.

పోటు, పాటు

రేవు నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. అందువల్ల ఇక్కడ గోదావరికి ఆటుపోట్లు ఉంటాయి. రోజుకు రెండుసార్లు నీరు ఎక్కే పోటు, రెండుసార్లు నీరు తీసే పాటు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు. అంటే ఇవాళ పోటు వచ్చిన టైముకు రేపు ఓ యాభై నిమిషాలు కలుపుకోవాలి. ఇవాళ్టి టైము రేవులో ఏ పడవ మనిషిని అడిగినా చెబుతాడు, మూణ్ణాలుగు రోజుల ముందుకు లెక్క మీరే కట్టుకోవచ్చు.

కారు ఉన్నవాళ్ళకు ఈ లెక్క ఎందుకంటే, పోటు మీద ఉన్నప్పుడు పంటు గట్టుకు సమంగా లేచి ఉంటుంది. పాటు తీసినప్పుడు కిందికి దిగిపోతుంది. అప్పుడు గట్టు నుంచి పంటు మీదికి వేసే పలక ఏటవాలుగా మారి కారు మూతి, లేకపోతే వెనక బంపరు రాసుకుంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, పాటు కూడా పెద్దది, కాబట్టి తేడా ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. ఇంట్లో తెలుగు క్యాలెండరు ఉంటే దాన్ని ఒకసారి చూసి బయల్దేరండి. వేసవిలో, ఎగువ నుంచి నీరు పెద్దగా రానప్పుడు, బాగా పాటు తీస్తే పంటు ఇసుక మేట మీద ఆనుకోవడమూ ఉంది. అలా ఆనుకుంటే మళ్ళీ పోటు ఎక్కేదాకా అక్కడే కూర్చోవాలి. పోటు సగం ఎక్కినప్పటి నుంచి నిండు పోటు దాకా ఉన్న టైము కార్లకు అన్నిటికన్నా మంచిది.

చెన్నై నుంచి నరసాపురం దాకా

దారి గురించి ఎక్కువ చెప్పను. రెడ్‌హిల్స్, గుమ్మిడిపూండి, తడ, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, కావలి మీదుగా ఒంగోలు దాకా జాతీయ రహదారి 16. ఒంగోలు దాటాక త్రోవగుంట దగ్గర విజయవాడ వైపు పోకుండా 216 పట్టుకోండి. చీరాల, బాపట్ల, రేపల్లె, పెనుమూడి. అక్కడ కృష్ణ మీద పెనుమూడి–పులిగడ్డ వంతెన దాటి మోపిదేవి, చల్లపల్లి, మచిలీపట్నం, కృత్తివెన్ను, మొగల్తూరు మీదుగా నరసాపురం. విజయవాడ మీదుగా కన్నా ఇది దగ్గర, ట్రాఫిక్ కూడా తక్కువ. రాత్రిపూట మాత్రం ధాన్యం ట్రాక్టర్లు, వెనక లైటు లేని బళ్ళు ఉంటాయి, జాగ్రత్త.

పెట్రోలు మచిలీపట్నంలోనో నరసాపురంలోనో పోయించుకోండి. టిఫిన్ చేయడానికి పది కిలోమీటర్లు పక్కకు పోయినా పర్లేదనుకుంటే పాలకొల్లు దిబ్బరొట్టె ఉంది. పిల్లలకు ఏరు మీద వికారం వస్తుందని ఖాళీ కడుపుతో తీసుకెళ్ళే అమ్మలున్నారు. పది నిమిషాల ప్రయాణానికి అంత అక్కర్లేదు, కడుపు నిండా పెట్టండి.

రేవులో చేయాల్సినవి

నరసాపురంలో పంటు రేవు ఉన్నది మాధవాయిపాలెంలో. ఇప్పుడు చూస్తే నమ్మలేం గానీ, 17వ శతాబ్దంలో ఓడలు కట్టించుకోడానికి డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ వచ్చిన చోటు ఇది. ఊళ్ళో ఎవరిని అడిగినా "పంటు రేవు" అంటే దారి చెబుతారు. తమిళనాడు నంబరు చూసి "మెడ్రాసు నుంచాండి?" అని పలకరిస్తారు, అవునంటే మన వీధి పేరు దాకా కనుక్కుంటారు. తొందరేమీ లేకపోతే మాట్లాడండి. నది గురించి మీకు కావాల్సిన కబురంతా అక్కడే దొరుకుతుంది.

ముందు కారును గట్టు మీదే ఒక వారగా ఆపి, దిగి, నడుచుకుంటూ రేవు దాకా వెళ్ళి చూడండి. నాలుగు చూసుకోవాలి: పలక ఎంత వాలుగా ఉంది, వాలు మీద బురద ఉందా, ముందు ఎన్ని బళ్ళున్నాయి, పంటు ఇటు ఉందా అటు ఉందా. ఒక కారు ఎక్కడమో దిగడమో కళ్ళారా చూశాక మీ కారుకు కుదురుతుందో లేదో మీకే తెలిసిపోతుంది. కుదరదనిపిస్తే అక్కడినుంచి దిగమర్రు దగ్గరే, కారు తిప్పుకుని చించినాడ మీదుగా పొండి. క్యూలోకి దిగాక వెనక ఆటోలు, బైకులు నిండిపోతే తిప్పుకోవడం కష్టం.

టికెట్టు సంగతి. ఈ రేవుల్ని వేలంలో పాడుకున్న పాటదారు నడుపుతాడు. మనిషికి, సైకిలుకు, బైకుకు, ఆటోకు, కారుకు వేరువేరు రేట్లు, అవి వేలం మారినప్పుడల్లా మారుతుంటాయి. పాత వీడియోల్లో చూసిన రేటు పట్టుకుని వాదన పెట్టుకోవద్దు. రేట్ల బోర్డు చూసి, డబ్బు కట్టి, రసీదు అడిగి తీసుకోండి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. సిగ్నల్ అందక ఫోనులో డబ్బు కదలకపోతే వెనకాల పాతిక బైకులు హారన్ కొడతాయి.

ఉదయం స్కూళ్ళు, కాలేజీల వేళ, సాయంత్రం అవి వదిలే వేళ పంటు ఊరివాళ్ళది. అవతలి గట్టు నుంచి నరసాపురం చదువులకు వచ్చే పిల్లలు, కూరగాయల బుట్టలు, పాల క్యాన్లు, ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్ళు. సరదాకి వచ్చిన కారు వాళ్ళ చోటు ఆక్రమించడం బాగుండదు. పదింటి తర్వాత, నాలుగింటి లోపు చూసుకోండి.

కారు ఎక్కించడం

కారులో డ్రైవరు తప్ప ఎవరూ ఉండకూడదు. ఇది రేవు నిబంధన అయినా కాకపోయినా మీరు పెట్టుకోవాల్సిన నియమం. పిల్లల్ని, పెద్దల్ని గట్టు మీదే దించి, ఒక పెద్దమనిషికి అప్పగించండి. వాళ్ళు కారు వెనక నడవకూడదు. కారు ఎక్కి ఆగాక ఎక్కాలి.

డ్రైవరు చేయాల్సినవి ఇవి. నాలుగు కిటికీల అద్దాలూ పూర్తిగా దించేయాలి. పాటలు ఆపేయాలి, కళాసీ మాట వినపడాలి. వాలులోకి దిగేముందు సీటు బెల్టు తీసేయాలి. రోడ్డు మీద చెప్పేదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. కానీ నీటి అంచున కారు జారితే మీకు కావాల్సింది వెంటనే బయటికి రాగలగడం. డోర్లు వాటంతటవే లాక్ అయ్యే మోడల్ అయితే ఆ లాక్ తీసి ఉంచాలి.

మొదటి గేరు, క్లచ్ మీద అదుపు, నడక వేగం. పలక మీదికి ముందు టైర్లు ఎక్కాక బ్రేకు కొట్టకండి. సగంలో ఆగితే తడి ఇనుము మీద టైరు తిరిగి జారుతుంది. ఒకసారి కదిలాక ఒకే ఊపులో, నెమ్మదిగా, నాలుగు టైర్లూ పంటు మీదికి వచ్చేదాకా పోవాలి. ఆటోమేటిక్ కారు అయితే డ్రైవ్‌లో కాకుండా తక్కువ గేరులో పెట్టుకోండి. స్టీరింగ్ తిన్నగా ఉండాలి.

కళాసీ ఎదురుగా నిలబడి "రండి రండి... రానివ్వండి... ఎడం కొట్టకండి... ఆ, చాలు" అంటాడు. ఆయన్నే చూడండి. పక్కనుంచి సలహాలిచ్చేవాళ్ళు ప్రతి రేవులోనూ ఉంటారు, వాళ్ళలో ఒకరు తప్పకుండా మన కుటుంబంలోవాళ్ళే అయి ఉంటారు. వాళ్ళ మాట వినపడనట్టే ఉండండి. కళాసీ మిమ్మల్ని ఒక మూలకు పొమ్మన్నా, నడిమధ్య ఆపమన్నా కారణం అడగకుండా చేయండి. బరువు రెండు పక్కలా సమంగా పడేలా ఆయన సర్దుతున్నాడు. బరువు బండి ఒకవైపు, మనుషులంతా ఇంకోవైపు అన్నట్టు ఉంటుంది ఆ లెక్క.

ఆగాక హ్యాండ్ బ్రేకు, మొదటి గేరు లేదా పార్కింగ్, ఇంజన్ ఆఫ్. టైరు కింద చెక్క గానీ రాయి గానీ పెట్టారో లేదో చూసుకోండి. పెట్టకపోతే అడగండి, విసుక్కోరు. పక్క అద్దాలు మడవండి, బైకులు ఆ సందుల్లోకే వస్తాయి. తాళం జేబులో వేసుకుని మీరూ దిగండి. ఏసీ వేసుకుని లోపల కూర్చుంటామనేవాళ్ళు వంతెన మీదుగా వెళ్ళాల్సింది.

బైకు మీద వచ్చేవాళ్ళకు పని తేలిక. పలక మీద నడపకుండా, దిగి ఇంజన్ బలంతోనే నడిపించుకుంటూ ఎక్కించండి. ఆ తర్వాత గేరులో ఉంచి, దారంతా హ్యాండిల్ పట్టుకుని నిలబడండి. పంటు గట్టుకు ఆనినప్పుడు వచ్చే చిన్న కుదుపుకే వరసలో బైకులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి.

నీటి మీద

పంటుల్లో కొన్నిటికి ఇంజన్ అందులోనే ఉంటుంది. కొన్నిటిని పక్కన మోకులతో కట్టిన ఇంజన్ పడవ తోసుకుపోతుంది. ఎలా ఉన్నా అది అవతలి రేవుకు తిన్నగా పోదు. పాటు లాగుతుంటే కాస్త ఎగువకు మూతి పెట్టి, పోటు తోస్తుంటే కాస్త దిగువకు పెట్టి ఏటవాలుగా దాటుతుంది. కొత్తవాళ్ళు "ఇటు ఎక్కడికి తీసుకుపోతున్నాడు" అని కంగారుపడతారు. సరంగుకు తెలుసు.

లైఫ్ జాకెట్ పిల్లలకు తప్పనిసరిగా వేయండి. రేవులో ఇచ్చేవి పెద్దవాళ్ళ సైజులోనే ఉండొచ్చు, చిన్నపిల్లలకు పనికిరావు. చెన్నైలో ఈత దుస్తుల దుకాణాల్లో పిల్లల జాకెట్లు దొరుకుతాయి, ఒకటి కొని పెట్టుకోండి. పంటుకు అంచుల్లో కమ్మీలు ఉన్నా, బళ్ళు ఎక్కే రెండు చివర్లా తెరిచే ఉంటుంది. పిల్లల చెయ్యి వదలకూడని చోటు అదే. సెల్ఫీలు తీసుకునే చోటు కూడా అదే అవుతోంది, అది వేరే విషయం. జనం ఎక్కువైపోయారనిపిస్తే, సరంగు పర్లేదన్నా సరే, దిగిపోయి తర్వాతి ట్రిప్పుకు ఎక్కండి. కారు ముందే ఎక్కేసి ఉంటే కారు పోనివ్వండి, కనీసం పిల్లలతో ఉన్నవాళ్ళు ఆగండి.

ఇంజన్ నడిఏట్లో ఆగితే ఏమిటి? అది అప్పుడప్పుడు జరిగేదే. లంగరు వేస్తారు, లేదా ఇంకో పడవ వచ్చి లాగుతుంది. ఆ సమయంలో అందరూ చూడ్డానికి ఒకే వైపుకు పోవడమే ప్రమాదం. ఉన్నచోటే ఉండండి.

మిగతా పది నిమిషాలు మీవి. వెనక నరసాపురం గట్టు, ముందు కొబ్బరి చెట్ల వరస, దిగువన వెడల్పయ్యే నీరు. వేసవిలో ఆ నీరు ఉప్పగా ఉంటుంది, పిల్లలు నమ్మకపోతే వేలు ముంచి చూడనివ్వండి, గట్టు దగ్గర.

దిగడం, అవతలి గట్టు

పంటు ఆని, మోకు కట్టి, పలక వేసి, కళాసీ చెయ్యి ఊపేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండి. ముందు మనుషులు దిగుతారు, తర్వాత బైకులు, చివర్న కార్లు. మీరు ఎక్కిన దాన్ని బట్టి రివర్సులో దిగాల్సి రావచ్చు. ఎక్కేటప్పుడే కళాసీని అడిగి తెలుసుకోండి. రివర్సు మీకు చేతకాదనుకుంటే మొహమాటపడకుండా ఆ మాట చెప్పండి, అనుభవం ఉన్నవాళ్ళు అక్కడ ఉంటారు. సఖినేటిపల్లి వైపు వాలు ఎక్కేటప్పుడు ముందున్న బండి పూర్తిగా గట్టెక్కేదాకా ఆగి, ఖాళీ చూసుకుని ఒక్క ఊపులో ఎక్కండి.

అక్కడి నుంచి అంతర్వేది దగ్గరే. మోరి మీదుగా వెళ్తే జీడిపప్పు కొనుక్కోవచ్చు. ఇంటింటా జీడిపప్పు కొట్టే ఊరు అది, చెన్నై ధరతో పోల్చి చూసుకోండి. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు చూడాలి. అక్కడ స్నానాలకు దిగొద్దు. నది, సముద్రం రెండూ ఒకేచోట లాగుతుంటాయి.

మాఘమాసంలో అంతర్వేది తీర్థం. దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రెండు మూడు రోజులు పంటు మీద కారు అన్న ఆలోచనే పెట్టుకోకండి. రేవులో అడుగు పెట్టే చోటు ఉండదు. కారు నరసాపురంలో చుట్టాలింట్లో పెట్టి మనుషులుగా దాటండి, లేదా రాజోలు వైపు నుంచి బస్సులో పొండి.

కారు లేనివాళ్ళకు

అసలు పంటును హాయిగా అనుభవించేది వీళ్ళే. ఎగ్మూరులో ఆగే సర్కార్ ఎక్స్‌ప్రెస్ భీమవరం మీదుగా కాకినాడ వెళ్తుంది. భీమవరంలో దిగితే నరసాపురం ముప్పై కిలోమీటర్ల దూరం, రైలూ బస్సూ రెండూ ఉన్నాయి. విజయవాడ దాకా ఏ రైల్లోనైనా వచ్చి నరసాపురం రైలు పట్టుకోవచ్చు. ఆ బ్రాంచి లైనుకు చివరి స్టేషన్ అదే కాబట్టి నిద్రపోయినా ఊరు దాటిపోదు. బస్సు అయితే మాధవరం బస్ టెర్మినస్ నుంచి. స్టేషన్ నుంచి ఆటోలో మాధవాయిపాలెం, పంటు మీద మనిషి టికెట్టు, అవతల సఖినేటిపల్లిలో మళ్ళీ ఆటో. చక్రాల సూట్‌కేసు కాకుండా భుజానికి తగిలించుకునే సంచి తెచ్చుకోండి, వాలు మీద చక్రాలు పనిచేయవు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు పోటు వేళే మంచిది, పలక సమంగా ఉంటుంది. చెప్పులు జారనివి వేసుకోవాలి.

తిరుగు ప్రయాణం

వెళ్ళేటప్పుడే సఖినేటిపల్లి రేవులో సాయంత్రం ఆఖరి పంటు ఎప్పుడో అడిగి ఉంచుకోండి. కాలాన్ని బట్టి, నీటిని బట్టి ఆ టైము మారుతుంది. ఆఖరిదాన్ని నమ్ముకోవద్దు, దానికి ముందుదాన్ని లెక్కలో పెట్టుకోండి. కొబ్బరికాయలు, బియ్యం, ఊరగాయ జాడీలతో డిక్కీ నిండి కారు వెనక కిందికి దిగిపోయి ఉంటుంది కాబట్టి, వచ్చేటప్పుడు తగలని బంపరు ఇప్పుడు తగులుతుంది. ఆ సామాను ఉంటే మలికిపురం, చించినాడ మీదుగా దిగమర్రు చేరి అట్నుంచే 216 ఎక్కేయండి, నరసాపురం ఊళ్ళోకి రావక్కర్లేదు.

పంటు దాటిన కారుకు చెన్నై చేరాక ఒక పని చేయించండి. వాటర్ వాష్‌లో పైన మెరిపించడం కన్నా కింది భాగం, చక్రాల లోపలి వైపు, సైలెన్సరు గొట్టం మంచినీళ్ళతో గట్టిగా కొట్టమని చెప్పండి. ఉప్పునీటి బురద అక్కడే పట్టుకుని ఉంటుంది, వారం రోజులు వదిలేస్తే తుప్పు మొదలవుతుంది.